తప్పు రేకుది కాదు, ఎస్టిమేటులో కొట్టేసిన గట్టరుది

సంపాదకులకు,

అయ్యా,

ఇళ్ల ముందు వేసుకునే ప్లాస్టిక్ రేకుల కార్ షెడ్ల గురించి ఈమధ్య మీ ఉత్తరాల పేజీలో ఒక పెద్దాయన రాసింది చదివాను. వాన వస్తే షెడ్డు చుట్టూ ధారలు కడుతున్నాయనీ, ప్రహరీ గోడ నాని పెచ్చులూడుతోందనీ, గేటు ముందు మడుగు తయారవుతోందనీ, రేకులమ్మేవాళ్లూ బిగించేవాళ్లూ కలిసి జనాన్ని మోసం చేస్తున్నారనీ, పట్టణాల్లో ఈ షెడ్లను నిషేధించాలనీ ఆయన రాశారు. నేను భీమవరంలో పాతికేళ్లుగా వెల్డింగు షాపు నడుపుతున్నాను. గేట్లు, గ్రిల్సు, రొయ్యల చెరువుల గట్ల మీద మోటారు షెడ్లు, ఇళ్ల ముందు కార్ షెడ్లు, ఇవే నా పని. అంటే ఆయన చెప్పిన బిగించేవాళ్లలో నేనూ ఉన్నాను. మోసం అన్నమాట మింగుడుపడక ఇది రాస్తున్నాను. ఉత్తరం కొంచెం పొడుగవుతుంది. చోటు చాలకపోతే నా కోపం ఉన్న చోట కోసుకోండి, కొలతలున్న చోట మాత్రం కోయకండి.

ఆయన చెప్పిన ఇబ్బందులన్నీ నిజమే. రోజూ చూస్తున్నవే. కాకపోతే రేకు పని వాన నీళ్లను ఆపడం వరకే. ఆ పని అది చేస్తోంది. ఆగిన నీళ్లకు దారి చూపాల్సిన సామాను వేరే ఉంది. దాన్ని ఎవరు, ఎప్పుడు తీసేస్తున్నారో చెబుతాను.

షెడ్డు కావాలని వచ్చినవాళ్లకు నేను కాగితం మీద ఎస్టిమేటు రాసిస్తాను. స్తంభాల పైపులు, రేకులు ఆనే అడ్డ పైపులు, రేకులు, స్క్రూలు, చూరు అంచున నీళ్లు పట్టే గట్టరు, దాని నుంచి కిందికి దిగే పైపు, కూలి. కాగితం చేతికి రాగానే వాళ్ల కళ్లు అడుగున ఉన్న మొత్తం మీద పడతాయి. తర్వాత మెల్లగా పైకి పాకి గట్టరు దగ్గర ఆగుతాయి. రేకులు తగ్గిస్తే షెడ్డు చిన్నదవుతుంది. పైపులు తగ్గిస్తే తుఫానుకు లేచిపోతుందని భయం. ఇక మిగిలేది గట్టరే.

"ఇదెందుకు మేస్త్రీ? వాన నీళ్లు కిందికే కదా పడేది, పడనీ."

"ప్రహరీ పక్కనే పడతాయండి. గోడ నానిపోద్ది."

"అవతల ఖాళీ సైటేగా."

"రేపు వాళ్లు ఇల్లు కడతారు కదండీ."

"కట్టినప్పుడు చూద్దాంలే. అది కొట్టేసి రేటు చెప్పు."

ఈ మాటలు నేను కల్పించినవి కావు. మనుషులు మారతారు, మాటలు ఇవే. నేను గట్టరు లేకుండా చేయనని భీష్మించుకుంటే ఆ పని ఇంకో షాపుకు వెళ్లిపోతుంది. అలా పోయి పోయి ఇప్పుడు మా వాళ్లలో చాలామంది ఎస్టిమేటులో గట్టరన్న మాటే రాయడం మానేశారు. అడిగితే వేస్తారు. అడగాలని ఇంటాయనకు తెలియదు. రేటు తక్కువ చెప్పినవాడికి పని, ఆ తర్వాత వానాకాలంలో అందరికీ తిట్లు. గట్టరు, దాని కింది పైపు, కూలి అన్నీ కలిపినా నా షాపు లెక్కలో షెడ్డు మొత్తం ఖర్చులో పదో వంతు దాటదు. పది రూపాయల్లో ఒక రూపాయి మిగుల్చుకుని మిగతా తొమ్మిదింటినీ తిట్టుకుంటున్నామని ఆ పెద్దాయనకు నా మనవి.

నీళ్లు ఎన్ని వస్తాయో చాలామందికి అంచనా ఉండదు. చదరపు మీటరు చోటులో ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మా దగ్గర ఒక కారుకు వేసే షెడ్డు మామూలుగా 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉంటుంది. అంటే 216 చదరపు అడుగులు, కాస్త అటూ ఇటూగా 20 చదరపు మీటర్లు. మన ఇళ్లకు వచ్చే మంచినీళ్ల టిన్ను 20 లీటర్లు. కాబట్టి ఇంత షెడ్డు మీద ఎన్ని మిల్లీమీటర్ల వాన పడితే అన్ని టిన్నుల నీళ్లని గుర్తుపెట్టుకుంటే చాలు. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే వాతావరణ శాఖ దాన్ని భారీ వర్షమంటుంది. అంటే అరవై నాలుగున్నర టిన్నులు, 1,290 లీటర్లు. అల్పపీడనం పట్టినప్పుడు ఇందులో సగం ఒక్క గంటలోనే కురిసిన రోజులున్నాయి. పేపర్లో మీరు వేసే వర్షపాతం పట్టిక చూసుకుని ఎవరి షెడ్డు లెక్క వాళ్లు వేసుకోవచ్చు.

ఆ నీళ్లు చూరు పొడవునా సమంగా కూడా పడవు. రేకుకు అలలుంటాయి కదా, నీళ్లన్నీ పల్లాల్లోకి చేరి ప్రతి పల్లం నుంచీ ఒక ధార దిగుతుంది. సిమెంటు రేకుల కొలతతోనే వచ్చే పెద్ద అల రేకులో అలకూ అలకూ మధ్య 146 మిల్లీమీటర్లు. అంటే 18 అడుగుల చూరుకు ముప్పై ఏడు ధారలు. ఎనిమిదడుగుల ఎత్తు నుంచి ముప్పై ఏడు ధారలు ఒకే గీత మీద, ఏళ్ల తరబడి పడుతుంటే ప్రహరీ పునాది పక్కన మట్టి నిలుస్తుందా? ముందు గుంటలు పడతాయి, తర్వాత గోడకు అడుగున చెమ్మ ఎక్కుతుంది, ఆపైన పెచ్చులు. మాది డెల్టా నేల, రేగడి మట్టి. నానితే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. గోడ వంగిపోయాక కూడా రేకునే తిట్టేవాళ్లను చూశాను.

ఇప్పుడు వాలు సంగతి. నన్నడిగితే గట్టరుకన్నా ముందు చూడాల్సింది ఇదే. ప్లాస్టిక్ రేకుకు అడుగుకు అంగుళం వాలు ఉండి తీరాలి. 12 అడుగుల రేకుకు ఒక కొసకన్నా రెండో కొస అడుగు కిందికుండాలి. ఇంటి ముందు అందం చెడుతుందని, సన్‌షేడు కింద పట్టాలని, గేటు మీద నుంచి కనబడకూడదని దీన్ని నాలుగంగుళాలకు కుదించేస్తారు. తక్కువ వాలులో నీళ్లు నింపాదిగా నడుస్తాయి. బాదం ఆకో, కొబ్బరి పూతో అడ్డం పడితే అక్కడే ఆగి అతుకు సందులోంచి లోపలికి దిగుతాయి. అడ్డ పైపులు దూరం దూరంగా వేసిన చోట రేకు మధ్యలో కుంగి పళ్లెంలా నీళ్లు పట్టి ఉంచుతుంది. పల్చటి ప్లాస్టిక్ రేకుకు రెండున్నర, మహా అయితే మూడడుగులకు ఒక అడ్డ పైపు పడాలి. ఇంకా ఘోరం, వాలును ఇంటి గోడ వైపుకు పెట్టడం. రోడ్డు మీదికి నీళ్లు పోకూడదన్న మంచి ఉద్దేశంతోనే పెడతారు. నీళ్లన్నీ వెళ్లి హాలు గోడకు తగులుతాయి.

మొన్న వానాకాలంలో ఒక రిటైర్డు టీచరమ్మ గారి ఇంట్లో సరిగ్గా ఇలాంటి షెడ్డునే సరిచేశాం. వేరే ఊరి నుంచి వచ్చినవాళ్లు వేసిన షెడ్డది. వాలు ఇంటి వైపుకు మూడంగుళాలు, గట్టరు లేదు, పడకగది గోడ మీద పచ్చగా పాకుడు. ఆవిడ మొత్తం పీకించి స్లాబు వేయిద్దామనుకున్నారు. "అక్కర్లేదండి, రేకులు బాగానే ఉన్నాయి" అన్నాను. ఆవిడ నమ్మలేదు. రేకులు విప్పి కింద పెట్టి, ఇంటి వైపు స్తంభాలకు పైన ముక్కలు అతికి ఎత్తు పెంచాం, మధ్యలో ఒక అడ్డ పైపు అదనంగా వేశాం. రేకులు విప్పకుండా వెల్డింగు చేస్తే రవ్వలు పడి రేకంతా జల్లెడ అవుతుంది. తొందర కొద్దీ ఈ పని చేసి పేరు పోగొట్టుకున్నవాళ్లున్నారు. వాలు ఎంత వచ్చిందో కంటితో చూసి చెప్పకుండా, తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టంతో మట్టం చూసుకున్నాం. రసమట్టం చిన్న దూరాలకు సరే, పన్నెండడుగులకు నీళ్ల గొట్టమే నమ్మకం.

ఇంటి గోడకూ రేకుకూ మధ్య సందు మరో తలనొప్పి. అక్కడ సిమెంటు మెత్తేస్తారు. రేకు ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. సిమెంటు సాగదు, కాబట్టి మొదటి వేసవికే పగులుతుంది. గోడలో పూత వరకు ఒక గాడి కోసి, జీఐ రేకును, అంటే జింకు పూత ఇనుప రేకును, ఎల్ ఆకారంలో వంచి ఒక అంచు ఆ గాడిలోకి దోపి, రెండో అంచు ప్లాస్టిక్ రేకు మీద ఊరికే వాలేట్టు పెట్టాలి. గాడిలో మాత్రం సిలికాన్ పట్టించాలి. ఆ సిలికాన్ కూడా వెనిగర్ వాసన కొట్టేది కాకుండా, వాసన లేనిది న్యూట్రల్ రకం అడిగి తీసుకోవాలి. పుల్లటి వాసన రకం పాలీకార్బొనేట్ (ఈ ప్లాస్టిక్ రేకుల్లో గట్టి రకం) రేకును తినేసి సన్నటి పగుళ్లు తెస్తుంది. థిన్నరు, పెట్రోలు పోసి రేకు తుడవడం కూడా అంతే.

స్క్రూల గురించి కాస్త చెప్పనివ్వండి, ఎందుకంటే కారు మీద చుక్కలు పడడానికి అసలు కారణం చాలాసార్లు ఇదే. స్క్రూ అల గుబ్బ మీద పడాలి, పల్లంలో పడకూడదు. పల్లంలో బిగిస్తే పైపుకు గట్టిగా అంటుకుంటుంది, పనీ తొందరగా అవుతుంది. నీళ్లు పారే దారిలో బెజ్జం వేసినట్టే అవుతుంది మరి. పైగా పాలీకార్బొనేటు పది అడుగుల రేకు, పొద్దున చలికీ మే నెల మిట్టమధ్యాహ్నం ఎండకీ మధ్య దాదాపు 8 మిల్లీమీటర్లు పెరుగుతుంది, తరుగుతుంది. బెజ్జం స్క్రూ లావే వేస్తే రేకుకు కదలడానికి చోటుండదు, స్క్రూ చుట్టూ చీలుతుంది. బెజ్జం రెండు మూడు మిల్లీమీటర్లు పెద్దది వేసి, వెడల్పాటి రబ్బరు వాషరు పెట్టి, వాషరు నొక్కుకునేంత వరకే తిప్పాలి. కుర్రాళ్లు డ్రిల్లు మిషను చేతిలో ఉంటే ఆపరు. గుబ్బ లోపలికి నొక్కుకుపోతే వాషరు చుట్టూ చిన్న గుంట పడి అందులో నీళ్లు నిలుస్తాయి.

పక్క రేకుల అతుకు ఒకటి నుంచి ఒకటిన్నర అల వరకు ఎక్కాలి. ఎక్కించిన అంచు గాలి వచ్చే దిక్కుకు నోరు తెరుచుకుని ఉండకూడదు. మాకు జూన్ నుంచి పడమటి గాలి, అక్టోబరు నవంబరు తుఫానులకు ఈశాన్యపు గాలి. రెండు వైపులా కాపాడుకోవడం కుదరదు కాబట్టి నేను తుఫాను గాలికే ఓటేస్తాను. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా పనుల్లో ఎక్కువభాగం అతుకులు లేచిన షెడ్లే.

గట్టరు కోసం కంపెనీ సామాను కొనాల్సిన అవసరం లేదు. మా ప్రాంతంలో చేసేది ఆరంగుళాల పీవీసీ పైపును నిలువునా రెండుగా కోసి సగాన్ని గట్టరుగా వేలాడదీయడం. అది బాగానే పని చేస్తుంది. నాలుగంగుళాల పైపుకు పొడవునా ఒక చీలిక కోసి రేకు అంచుకు తొడిగేసేవాళ్లూ ఉన్నారు. చూడడానికి ముచ్చటగా ఉంటుంది గానీ లోపల ఆకులు చేరితే తీయడానికి చెయ్యి దూరదు, అందుకే నాకు నచ్చదు. సగం పైపు గట్టరు నిండితే మీటరుకు పది కిలోల బరువు. 18 అడుగులకు 55 కిలోలు. రెండు కొసల్లో తీగ కట్టి వదిలేస్తే ఒక్క వానకు మధ్యలో వేలాడుతుంది. ఇనుప పట్టీని వంచి రెండడుగులకో కొక్కెం వేయాలి. మొదటి కొక్కేనికీ చివరి కొక్కేనికీ మధ్య అంగుళం పైచిలుకు వాలుండేట్టు దారం లాగి చూసుకోవాలి. వాలు లేని గట్టరులో నీళ్లు నిలిచి దోమల తొట్టె అవుతుంది. డెంగీ తెచ్చే దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి మంచి నీళ్లలోనే.

రేకు కొస గట్టరు లోపలికి రెండంగుళాలు రావాలి. తక్కువైతే నీళ్లు రేకు అంచు పట్టుకుని కిందివైపు నుంచి వెనక్కి పాకి అడ్డ పైపు మీదికి చేరతాయి. పైపు లోలోపలే తుప్పు పడుతుంది. మరీ ఎక్కువైతే పెద్ద వానలో ధార గట్టరు దాటి అవతల దూకుతుంది. గట్టరు బయటి అంచు లోపలి అంచుకన్నా అర అంగుళం తక్కువ ఎత్తులో ఉంటే మంచిది. ఎప్పుడైనా పొంగినా నీళ్లు బయటికే పోతాయి, మీ స్తంభాల మీదికి రావు.

ఇక కిందికి దిగే పైపు. ఇక్కడ కూడా ఒక పొదుపు జరుగుతుంది. మిగిలిపోయిన రెండంగుళాల పైపు ఉందని అది తగిలించేస్తారు. జాతీయ భవన నియమావళిలో దీనికి పట్టికే ఉంది. గంటకు 100 మిల్లీమీటర్ల జోరు వానకు 50 మిల్లీమీటర్ల పైపు 6.6 చదరపు మీటర్ల కప్పుకు మాత్రమే సరిపోతుంది. 75 మిల్లీమీటర్ల పైపు 20.4 చదరపు మీటర్లకు సరిపోతుంది. అంటే మన కార్ షెడ్డుకు మూడంగుళాల పైపు కచ్చితంగా కావాలి. రెండంగుళాలది వేస్తే షెడ్డులో మూడో వంతు నీళ్లకే దారి దొరికినట్టు. మిగతావి గట్టరు మీద నుంచి పొంగుతాయి, "గట్టరు వేయించినా లాభం లేదండీ" అని ఊరంతా చెబుతారు. పైపు మొదట్లో ఒక జాలీ పెట్టి, వానలకు ముందోసారి, దసరా ముందోసారి ఆకులు తీస్తే చాలు. ఆకులు తీయడానికి రేకు ఎక్కవద్దు. ఎండకు పెళుసైన ప్లాస్టిక్ రేకు మనిషి బరువు ఆపదు. నిచ్చెన వేసుకోండి. తప్పనిసరిగా ఎక్కాల్సి వస్తే అడ్డ పైపుల మీద ఆనేట్టు చెక్క పరిచి దాని మీద నడవండి. కరెంటు సర్వీసు వైరు షెడ్డు ఇనుముకు తగులుతోందేమో కూడా ఆ రోజే చూసుకోండి.

ఇంత చేశాక నీళ్లు ఎక్కడికి పంపాలన్నది మిగులుతుంది. అధికారులు ఇంకుడు గుంత తవ్వమంటారు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టంలోనూ వాన నీళ్లను పట్టుకోవాలని ఉంది. తాడేపల్లిగూడెం, జంగారెడ్డిగూడెం వైపు మెట్ట నేలల్లో అది బంగారం లాంటి మాట. భీమవరంలో ఆగస్టులో రెండడుగులు తవ్వితే నీళ్లు కనబడతాయి. నిండిన కుండలో ఇంకా పోస్తే ఎక్కడ ఇంకుతుంది? అందుకని మా వైపు నేను డ్రమ్ములే చెబుతాను. చుట్టూ చేపల చెరువులు, భూగర్భజలం ఉప్పు, వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో కుళాయి నీళ్లకు కటకట. అలాంటి ఊళ్లో మూత గట్టిగా ఉన్న రెండు 200 లీటర్ల డ్రమ్ములు షెడ్డు పక్కన పెట్టుకుంటే 20 మిల్లీమీటర్ల వానకే నిండిపోతాయి. సీజను మొదటి వాన మురికి కాబట్టి వదిలేయాలి. తాగడానికి పనికిరావు గానీ కారు కడగడానికి, మొక్కలకు, బాత్రూముకు భేషుగ్గా పనికొస్తాయి. డ్రమ్ములు నిండాక పొంగేదాన్ని పైపుతో పక్క కాలువలోకి వదలాలి. మురుగు మ్యాన్‌హోలులోకి వదలకూడదు. అలా వదిలినవాళ్లందరి నీళ్లూ కలిసి చివరికి యనమదుర్రు డ్రెయినుకు చేరేలోపు ఎవరో ఒకరి ఇంట్లో బాత్రూములోంచి పైకి వస్తున్నాయి.

పక్కింటివాళ్ల మాట ఎత్తకుండా ఉండలేను. ఈ చూరు నీళ్ల మీద జరిగే తగాదాలు మా షాపు దాకా వస్తాయి. "మీరే వేశారుగా, మీరే చెప్పండి" అని ఇద్దరూ కలిసి వచ్చి నన్ను పంచాయితీ పెద్దను చేస్తారు. నాకు షెడ్డు చేయించుకున్న ఒక లాయరు గారు చెప్పింది ఇది: 1882 నాటి ఈజ్‌మెంట్ల (పక్కవాళ్ల జాగా మీద ఉండే హక్కుల) చట్టం ప్రకారం పల్లపు నేల యజమాని ఎగువ నుంచి సహజంగా పారి వచ్చే నీళ్లను ఒప్పుకోవాలి. కానీ కట్టిన చూరు నుంచి పక్కవాళ్ల జాగాలో నీళ్లు పోసే హక్కు ఊరికే రాదు. ఇరవై ఏళ్లు అడ్డం లేకుండా సాగితేనే వస్తుంది. కాబట్టి నిన్న వేసిన షెడ్డు నీళ్లను పక్కింటి గోడ మీదికి వదిలి "నీళ్లకు దారేది మరి" అంటే చెల్లదు. కోర్టు దాకా వెళ్లేంత విషయం కాదు కదా ఇది. మూడంగుళాల పైపు, రెండు ఎల్బోల ఖర్చు లాయరు నోటీసు ఖర్చుకన్నా తక్కువ.

రేకులమ్మేవాళ్ల మీద ఆ పెద్దాయన కోపంలో కొంత నాకూ ఉంది, అది దాచను. ఎండ దెబ్బ తట్టుకునే పూత చాలా రేకులకు ఒకవైపే ఉంటుంది, ఆ వైపు ఆకాశం చూడాలి. ఏ వైపు పైకుండాలో రేకు మీది స్టిక్కరు చెబుతుంది, అదీ ఇంగ్లీషులో. మా దగ్గర పనిచేసే కుర్రాళ్లలో సగం మందికి అది చదవడం రాదు, ముందు స్టిక్కరు పీకి పారేస్తారు. తిరగేసి బిగించిన రేకు రెండు మూడు వేసవులకే పసుపెక్కి పెళుసవుతుంది. తెలుగు రాష్ట్రాల్లో ఇన్ని లక్షల అడుగుల రేకులు అమ్ముతున్నప్పుడు స్టిక్కరు మీద తెలుగులో నాలుగు ముక్కలు అచ్చేయడం కష్టమా? ఎంత వాలు, ఎంత దూరానికి పైపు, స్క్రూ ఎక్కడ, ఏ వైపు పైకి. అంతే కావాలి. బొమ్మ వేస్తే ఇంకా మంచిది.

నిషేధం గురించి ఆయన రాసిన మాటకు నా జవాబు ఏమిటంటే, షెడ్లు తీసేస్తే ఆ వాన ఆగదు. అదే 1,290 లీటర్లు అప్పుడు సిమెంటు చేసిన వాకిలి మీద పడి అదే గేటు కిందుగా అదే రోడ్డు మీదికి వస్తాయి. షెడ్డు వేయడం వల్ల కనీసం ఆ నీళ్లన్నిటినీ ఒక అంచుకు తెచ్చి పట్టుకునే వీలు దొరికింది. మున్సిపాలిటీవాళ్లు ఇళ్ల ప్లాన్లు చూసేటప్పుడు ఇంకుడు గుంత ఉందా అని ఒక గడి నింపుతారు. కార్ షెడ్డు కప్పు నీళ్లు ఎటు పోతున్నాయని ఇంకో గడి పెట్టమనండి. ఐటీఐలో వెల్డరు కోర్సు చదివే పిల్లలకు గేటు, కిటికీతో పాటు ఒక గట్టరు కొక్కెం వంచడం కూడా నేర్పమనండి. వెల్డింగు షాపులవాళ్లం మేం కూడా ఎస్టిమేటులో గట్టరు గీత రాయడం మళ్లీ మొదలుపెట్టాలి. కొట్టేయాలనుకుంటే ఇంటాయన తన చేత్తో కొట్టేసి పక్కన సంతకం పెట్టాలి. నా షాపులో ఇది మొదలుపెట్టాను. సంతకం అడిగేసరికి చాలామంది కలం కింద పెట్టేస్తున్నారు.

ఆ పెద్దాయన ఏ ఊరో ఉత్తరంలో లేదు. ఆయన షెడ్డుకు వాలు సరిగా ఉంటే గట్టరు, పైపు బిగించడం ఒక పూట పని. వాలు కూడా మార్చాలంటే రెండు రోజులు. రేకులు చీలకపోయి ఉంటే కొత్తవి కొననక్కర్లేదు, పాత స్క్రూ బెజ్జాలు మాత్రం పూడ్చుకోవాలి. ఈసారి వాన జోరుగా పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని బయట నిలబడి చూరునీ, గోడ అతుకునీ, షెడ్డు లోపల చుక్కలు పడే చోటునీ ఫోనులో వీడియో తీయమనండి. అది పట్టుకుని దగ్గర్లో ఉన్న ఏ వెల్డింగు షాపుకు వెళ్లినా సరిపోతుంది. మేం వచ్చి చూసేది ఎండ కాసే రోజు, అప్పుడు మాకేమీ కనబడదు.

ఇట్లు,
వెల్డింగు షాపు యజమాని,
భీమవరం, పశ్చిమ గోదావరి జిల్లా